బుక్ లర్నింగ్ ఆన్‌లో పెట్టి గెలిస్తే ఆ గెలుపు ఇంజన్‌దా, ఫైల్‌దా?

#1 చంద్రగిరి_కోట
మన గ్రూపు చెస్ ఇంజన్ల (చెస్ ఆడే ప్రోగ్రాంల) పోటీ ఫైనల్ స్కోరు అందరూ చూసే ఉంటారు. పుంగనూరు 23.5, తలకోన 16.5. నలభై ఆటలు, ఒక్కో పక్కకి పదిహేను నిమిషాలు, ఎత్తుకి ఐదు సెకన్లు అదనం. శుక్రవారం రాత్రి పెడితే ఆదివారం తెల్లవారుజాము దాకా నడిచింది.

ఫలితం చెప్పేసినాక తీరిగ్గా ఆటలన్నీ రాసుండే పీజీఎన్ ఫైలు తెరిచినా. పుంగనూరు తెల్లతో ఆడిన ఇరవై ఆటల్లో తొమ్మిది ఒకటే ఆట. సిసిలియన్ నైడార్ఫ్ ఓపెనింగ్, తెల్ల శకటు జీ5కి, నల్ల మంత్రి బీ6కి, ఎనిమిదో ఎత్తులో ఆ మంత్రే పోయి బీ2 బంటు తింటుంది. అక్కడి నుంచి ఇరవై ఆరో ఎత్తు దాకా తొమ్మిదింట్లో ఒక్క ఎత్తు తేడా లేదు. తొమ్మిదీ తెల్లే గెలిచింది.

పుంగనూరుకి బుక్ లర్నింగ్ (ఆడిన ఆటలు చూసి తన ఓపెనింగ్ బుక్కుని మార్చుకోవడం) ఉండాది, ఆన్‌లో ఉండాది. తలకోనకి లేదు, మామూలు పాలీగ్లాట్ బుక్కు. రూల్సులో లర్నింగ్ గురించి నేనేమీ రాయలా. ఇప్పుడు చెప్పండి, ఇది న్యాయంగా గెలిచిన మ్యాచేనా?

#2 రేణిగుంట_జంక్షన్
తొమ్మిది సార్లు అదే బంటు తినిందా! ఆకలి జాస్తి ఉన్నట్టుండాదే దానికి.

#3 తిరుచానూరు_64
ఇందులో అన్యాయం యాడుందబ్బా? గెలిచే దారి దొరికింది, మళ్ళీ ఆ దారినే పోయింది. ఓడినోడు దారి మార్చుకోవాల గానీ గెలిచినోడిని తప్పుపడితే ఎట్ల?

2008లో బాన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆనంద్ ఏం చేసినాడు? మూడో ఆటలో మెరాన్ ఓపెనింగ్‌లోకి దిగి, పద్నాలుగో ఎత్తులో శకటుని బీ7లో పెట్టి, నల్లతో క్రామ్నిక్‌ని కొట్టినాడు. ఐదో ఆటలో మళ్ళీ మెరాన్, మళ్ళీ పద్నాలుగో ఎత్తులో శకటు బీ7, మళ్ళీ నల్లతో గెలుపు. ఆ రెంట్లో ఒకటి కొట్టేయండి అని ఎవరన్నా అడిగినారా?

#4 భాకరాపేట_ఘాట్
తలకోన రాసింది నేనే, కాబట్టి నా మాట కొంచెం పక్షపాతంగానే చదువుకోండి.

#3 అన్నకి: క్రామ్నిక్‌కి మూడో ఆటకీ ఐదో ఆటకీ మధ్య టైముంది, కూర్చుని చూసే జట్టుంది. అయినా మళ్ళీ అందులోకే పోయినాడంటే అది ఆయన ఇష్టం. నా ఇంజన్‌కి ఇష్టాలు లేవు. బుక్కులో ఆ చోట మంత్రి బీ2 వెయిటు ఎక్కువ, అందుకని అదే ఎత్తు వేస్తుంది, వందో ఆటలోనూ అదే వేస్తుంది.

శనివారం పొద్దునే నాకు విషయం అర్థమయింది. ఆ ఒక్క ఎత్తు వెయిటు తగ్గిస్తా అని అడిగితే మ్యాచ్ మధ్యలో ఎవరూ ఫైళ్ళు ముట్టుకోకూడదు అన్నారు. సరే అన్నా. అవతల ఫైలు మాత్రం ప్రతి ఆట కాగానే మారతానే ఉండాది. మనిషి చెయ్యి పెట్టలేదు కాబట్టి అది పరవాలేదా?

#5 చంద్రగిరి_కోట
ఆ మాట అన్నది నేనే. రూలు అప్పటికి అంతే ఉన్నింది.

#6 నగరి_బంటు
కొత్తోడిని, తెలీక అడుగుతా ఉన్నా. బుక్ లర్నింగ్ అంటే ఇంజన్ నిజంగా నేర్చుకుంటుందా? న్యూరల్ నెట్టు మాదిరా?

#7 పాత_అరీనా
కాదు తమ్ముడూ. నెట్టుకీ దీనికీ సంబంధమే లేదు.

ఓపెనింగ్ బుక్ అంటే ఒక పెద్ద పట్టిక. ఈ పొజిషన్ వస్తే ఈ ఎత్తులు వేయొచ్చు, దేని వెయిటు ఎంత అని రాసుంటుంది. పాలీగ్లాట్ బుక్కే తీసుకో, ఫ్రూట్ ఇంజన్ రాసిన ఫాబియన్ లెటూజే పెట్టిన పద్ధతి. ఒక్కో నమోదుకి 16 బైట్లు. ఎనిమిది పొజిషన్ గుర్తుకి, రెండు ఎత్తుకి, రెండు వెయిటుకి. మిగిలిన నాలుగు బైట్లు లర్నింగ్‌కి అని వదిలినాడు. చానా బుక్కుల్లో ఆ నాలుగూ సున్నాలే. వాడుకోవాలనుకున్నోళ్ళు వాడుకుంటారు.

లర్నింగ్ ఆన్ చేస్తే ఆట ముగిసినాక ఇంజన్ వెనక్కి వచ్చి, ఏ కొమ్మ మీద పోయినామో చూసి, గెలిస్తే పెంచుతుంది, ఓడితే తగ్గిస్తుంది. అన్నిటికంటే సాదా రకం అది. రాబర్ట్ హయాట్ తన క్రాఫ్టీ ఇంజన్‌లో చేసింది ఇంకొంచెం తెలివైన పని. ఫలితం కోసం ఆగకుండా, బుక్కులో నుంచి బయటికి వచ్చినాక మొదటి పది ఎత్తుల్లో తన లెక్క ఎటు పోతుందో చూస్తుంది. స్కోరు దిగతా ఉంటే ఆ లైను మంచిది కాదని రాసుకుంటుంది. ఆట చివర్లో ఇంకేదో తప్పు చేసి ఓడినా ఓపెనింగ్ మీద నింద పడదు.

పొజిషన్ లర్నింగ్ అని ఇంకోటి ఉండాది. అందులో బుక్కుతో పని లేదు. ఒక పొజిషన్‌లో లోతుగా వెతికి తేల్చుకున్నది డిస్కు మీద దాచుకోని తర్వాతి ఆటలో వాడుకుంటుంది. ఇప్పుడు ఈమన్, షుగార్ లాంటి ఇంజన్లలో ఎక్స్‌పీరియన్స్ ఫైల్ అంటారు చూడు, దానికి తాత. ఈ రెండూ కలిపి మాట్లాడితే తగాదా తెగదు. పుంగనూరులో ఉన్నది మొదటిదే అనుకుంటా.

#8 నగరి_బంటు
అయితే ఇంజన్‌కి బుర్ర పెరగలా. బుక్కులో నంబరు పెరిగింది, అంతే కదా?

#9 పాత_అరీనా
అంతే. ఆ నంబరు ఎప్పుడు, ఎంత పెంచాలో రాసిపెట్టింది మాత్రం ఇంజన్ రాసినోడే. కొట్లాటంతా ఆడే.

#10 లెక్కల_లలిత
న్యాయం సంగతి మీరు తేల్చుకోండి. నాకు స్కోరు మీదే అనుమానం.

40లో 23.5 అంటే 58.75 శాతం. ఎలో (ఆడేవాళ్ళ బలం కొలిచే రేటింగ్) లెక్కలో 61 పాయింట్ల ఆధిక్యం. వినడానికి బాగుంది. కానీ నలభై ఆటలకి తప్పు జరిగే మేర దగ్గర దగ్గర తొంభై, నూరు పాయింట్లు అటూ ఇటూ. నలభై వేర్వేరు ఆటలు ఆడినా అంతే. ఇక్కడ నలభై వేర్వేరు ఆటలే లేవు. ఒకే లడ్డూకి తొమ్మిది ఫోటోలు తీసి తొమ్మిది లడ్డూలు అంటే ఎట్లా?

తొమ్మిదింటిని ఒకటిగా లెక్కేసి చూడండి. ఎనిమిది ఆటలు, ఎనిమిది పాయింట్లు పోతాయి. మిగిలింది 32 ఆటలు: పుంగనూరు 15.5, తలకోన 16.5.

#11 రేణిగుంట_జంక్షన్
కప్పు ఘాట్ రోడ్డెక్కేసింది రో!

#12 భాకరాపేట_ఘాట్
ఆ లెక్క నేనూ వేసుకున్నా. నేను చెప్తే ఏడుస్తున్నాడు అంటారని గమ్మున ఉన్నా. థ్యాంక్స్ అక్కా.

#13 తిరుచానూరు_64
#10 లలితగారూ, ఆ కొట్టివేత నాకు ఎక్కలా. తొమ్మిదింటిని ఒకటి చేస్తే ఎవరికి శిక్ష? గెలిచే లైను కనిపెట్టినోడికి. ఎవరికి బహుమానం? ఒకే గుంటలో తొమ్మిది సార్లు పడినోడికి. ఒకే గుంటలో మళ్ళీ మళ్ళీ పడటం ఇంజన్ లోపం కాదా? లోపాన్ని స్కోరులో చూపించకుండా తుడిచేస్తే మ్యాచ్ దేనికి?

పైగా ఇరవై ఆరో ఎత్తు తర్వాత ఆటలు వేరే వేరే అని కోటే అన్నాడు. అక్కడి నుంచి గెలవాల్సిన పని గెలవాల్సిందే కదా.

#14 చంద్రగిరి_కోట
అట్ల నేను అనలా. ఇరవై ఆరు దాకా ఒకటే అన్నా. అయినా మీరన్నది నిజమే, ఆ తర్వాత కొంచెం కొంచెం మారింది. టైము బట్టి లోతు అటూ ఇటూ అయింటుంది. కానీ ఇరవై ఆరో ఎత్తుకే నల్ల రాజు నడిమధ్యన నిలబడి ఉన్నాడు, కోట కట్టుకునే దారి లేదు, ఏనుగు ఒకటి మూల నుంచి కదల్లా. అక్కడి నుంచి ఏ ఇంజనైనా గెలుస్తుంది.

#15 లెక్కల_లలిత
#13కి: రెండు వేర్వేరు ప్రశ్నలు కలిపేస్తున్నారు. 'ఈ మ్యాచ్ ఎవరు గెలిచారు' అంటే పుంగనూరు, అందులో సందేహం లేదు. 'ఏ ఇంజన్ బలమైంది' అంటే, ఆ తొమ్మిది ఆటలు కలిపి చెప్పేది ఒక్క ముక్కే: తలకోన బుక్కులో ఫలానా చోట బొక్క ఉంది. ఆ ముక్క మొదటిసారే చెప్పేశాయి. మిగతా ఎనిమిది కొత్తగా చెప్పింది ఏమీ లేదు.

#16 కొర్లగుంట_గుర్రం
పుంగనూరు నాది. రెండు రోజులుగా చదువుతా ఉన్నా, ఇప్పుడు నేనూ నాలుగు మాటలు చెప్తా.

ఒకటి. నేను దాచింది ఏమీ లేదు. లర్నింగ్ ఉందని రీడ్‌మీలో మొదటి పేజీలోనే రాసినా. పోటీకి పంపేటప్పుడు కోట అన్నకి సెట్టింగుల ఫైలూ పంపినా.

రెండు. ఈ లర్నింగ్ కోడ్ నేను కూర్చుని రాసుకున్నా. ఎప్పుడు నమ్మాల, ఎన్ని ఆటల తర్వాత నమ్మాల, డ్రా అయితే ఏం చేయాల, బలహీనుడిని కొట్టి గర్వపడకుండా ఎట్ల చూసుకోవాల, ఇవన్నీ వెతుకులాట కోడ్ కంటే ఎక్కువ విసిగించినాయి. అది ఇంజన్‌లో భాగం కాదంటే ఎట్ల? రేపు ఎండ్‌గేమ్ కోడ్ కూడా తీసేయమంటారు.

మూడోది అసలైంది. తలకోన బుక్కు గాల్లో నుంచి ఊడిపడలా. గ్రాండ్‌మాస్టర్లు ఆడిన ఆటల్లో నుంచి గెలుపోటములు లెక్కేసి వెయిట్లు పెట్టిన బుక్కు అది. అదీ నేర్చుకున్నదే. కాకపోతే వాళ్ళు ఆడి ఓడి నేర్చుకున్నది మ్యాచ్‌కి ముందే ఫైలులోకి ఎక్కింది. నాది మ్యాచ్‌లో ఎక్కింది. ముందు నేర్చుకుంటే న్యాయం, మధ్యలో నేర్చుకుంటే మోసమా?

#17 నగరి_బంటు
ఇది గట్టి పాయింటు.

#18 భాకరాపేట_ఘాట్
గట్టిదే, కానీ తెగింది కాదు. నా బుక్కులో ఉన్నది అందరితో ఆడటానికి. నీ ఫైలులో రాసుకున్నది నాతో ఆడటానికి మాత్రమే. గ్రాండ్‌మాస్టర్లు ఆ ఆటలు ఆడింది పుంగనూరుని ఓడించాలని కాదు కదా తమ్ముడూ.

#19 గ్రీమ్స్‌పేట_మేష్టారు
నాకు ఇంజన్ల లోపలి సంగతులు అంతగా తెలియవు, చిత్తూరులో పిలకాయలకి చెస్ నేర్పుతాను. మా దగ్గర ఒక పిల్లవాడు ఉన్నాడు, ఇటాలియన్‌లో గుర్రం జీ5కి దూకి ఎఫ్7 మీద పడే దాడి ఒక్కటే వచ్చు. కొత్తగా చేరిన ప్రతివాడినీ దానితోనే కొడతాడు. వారంలో వాడి పేరు బోర్డు మీద పైకి పోతుంది. నెలకల్లా అందరికీ విరుగుడు తెలుస్తుంది, వాడు మామూలు చోటికి దిగుతాడు. దీన్ని నేను ఎప్పుడూ అన్యాయం అనుకోలేదు. ఎందుకంటే ఎదుటి పిల్లలకీ కళ్ళున్నాయి, వాళ్ళూ నేర్చుకుంటారు.

ఇక్కడ ఒకడికి మాత్రమే కళ్ళిచ్చి ఇంకొకడికి గంతలు కట్టినట్టు నాకు కనబడుతోంది. పుంగనూరు రాసిన అబ్బాయి తప్పేమీ లేదు. బోర్డు ముందర కూర్చోబెట్టినవాళ్ళు చూసుకోవలసింది.

#20 కొర్లగుంట_గుర్రం
మేష్టారూ, గంతలు ఎవరూ కట్టలేదు సార్. కళ్ళు పెట్టుకోమంటే ఘాట్ అన్న పెట్టుకోలేదు. కోడ్ రాయొద్దని ఎవరన్నా అన్నారా?

#21 తిరుచానూరు_64
అదీ మాట!

మనుషుల పోటీలు చూడండి. 2024లో సింగపూర్‌లో గుకేశ్ వెనక మన గుంటూరు హరికృష్ణ ఉన్నాడు. ఆటకీ ఆటకీ మధ్య జట్టు మొత్తం లైన్లు మార్చుకుంటారు, ఎదుటోడి బొక్కలు వెతుకుతారు. ప్రపంచ చాంపియన్‌షిప్‌కే లేని అభ్యంతరం చంద్రగిరి కప్పుకా?

#22 రేణిగుంట_జంక్షన్
చంద్రగిరి కప్పు అంటే చులకనా? స్టీలు కప్పు సామీ అది, అయస్కాంతం కూడా అంటుకోదు.

#23 పాత_అరీనా
ఈ పంచాయితీ ఇప్పటిది కాదు. స్వీడన్ వాళ్ళ ఎస్ఎస్‌డీఎఫ్ రేటింగ్ లిస్టు ఉన్నింది, నలభై ఎత్తులకి రెండు గంటల పద్ధతి, ప్రతి ప్రోగ్రాం దాని సొంత బుక్కుతో, లర్నింగ్ ఉంటే లర్నింగ్‌తోనే ఆడేది. తొంభైల్లో లిస్టులో ముందుంటేనే ప్రోగ్రాం పెట్టెలు అమ్ముడయ్యేవి. దాంతో ఫలానా ప్రోగ్రాంని కొట్టడానికే వండిన లైన్లు బుక్కుల్లో చేరాయని గోల. కిల్లర్ బుక్ అనేవాళ్ళు. ఎదుటిదానికి లర్నింగ్ లేకపోతే ఒకే గెలుపుని ఎన్నిసార్లైనా పిండుకోవచ్చు. ఒకే ఆట మళ్ళీ మళ్ళీ వస్తే లెక్కలో ఉంచాలా తీసేయాలా అని అప్పుడే తన్నుకున్నారు. లర్నింగ్ చాలా ఇంజన్లకి వచ్చిందే ఇందుకు, పైకి పోవడానికి కాదు, ఇట్ల పిండించుకోకుండా తప్పించుకోవడానికి.

తర్వాత వచ్చినోళ్ళు తలా ఒక దారి పట్టినారు. సీసీఆర్ఎల్ అనే రేటింగ్ లిస్టు వాళ్ళు సొంత బుక్కులు పక్కనపెట్టి, పన్నెండు ఎత్తుల లోపు ఉండే మామూలు బుక్కు అందరికీ ఇస్తారు. టీసీఈసీ అనే ఇంజన్ల పోటీలో నిర్వాహకులే ఓపెనింగ్ ఇచ్చి, రంగులు మార్చి రెండు సార్లు ఆడిస్తారు. అక్కడ ఓపెనింగులు ఎంచినోళ్ళలో యెరూన్ నూమెన్ ఒకరు. ఆయన అంతకుముందు రెబెల్‌కీ, రిబ్కాకీ, ఆ ఇంజన్లకి బుక్కులు కట్టిన మనిషి. బుక్కుతో ఎంత చేయొచ్చో చేతులారా తెలిసినాయన ఇటు పక్కకి వచ్చి కూర్చున్నాడన్నమాట. వీటన్నిటికంటే ముందు గ్రాండ్‌మాస్టర్ జాన్ నన్ పది పొజిషన్లు ఏరి పెట్టినాడు, ఒక్కోటీ అటొకసారి ఇటొకసారి, ఇరవై ఆటలు, బుక్కు ఊసే లేదు.

ఇంకో పక్క ఐసీజీఏ వాళ్ళ కంప్యూటర్ చెస్ ప్రపంచ చాంపియన్‌షిప్ మాత్రం చివరిదాకా ఎవరి బుక్కు వాళ్ళదే. అక్కడ పోటీ ఇంజన్‌కి కాదు, జట్టు మొత్తానికి.

#24 నగరి_బంటు
కాస్పరోవ్‌తో ఆడిన ఐబీఎం డీప్ బ్లూని కూడా ఆటల మధ్యలో మార్చినారు కదా అన్నా?

#25 పాత_అరీనా
మార్చినారు, అది ఒప్పందంలో కుదిరిందే. గ్రాండ్‌మాస్టర్ జోయెల్ బెంజమిన్ బుక్కు పని చూసేవాడు, సాయానికి ఇంకో ముగ్గురు. 1997 మే 11, ఆరో ఆట, కారో-కాన్ ఓపెనింగ్. కాస్పరోవ్ ఏడో ఎత్తులో హెచ్6 తోసినాడు, డీప్ బ్లూ గుర్రాన్ని బలిచ్చి ఈ6లో బంటు కొట్టింది, పంతొమ్మిదో ఎత్తుకల్లా ఆట ముగిసింది. ఆ ఎత్తు బుక్కులోదే, యంత్రం లెక్కేసి వేసింది కాదు. ఆ పొద్దునే దాన్ని బుక్కులోకి ఎక్కించామని జట్టులోని ఇల్లెస్కాస్ చానా ఏళ్ళకి ఒక ఇంటర్వ్యూలో చెప్పినాడు.

ఇప్పుడు చెప్పు, ఆ ఆట ఎవరు గెలిచినట్టు?

#26 నగరి_బంటు
…జోయెల్ బెంజమిన్?

#27 రేణిగుంట_జంక్షన్
కాస్పరోవ్ గెలవలా, అంతవరకూ గ్యారంటీ.

#28 లెక్కల_లలిత
కోట గారూ, ఒక చిన్న ప్రశ్న. ఫైనల్‌కి ముందు పుంగనూరు లర్నింగ్ ఫైలు తుడిచారా? లీగులో కూడా ఈ రెండూ ఆడాయి కదా.

#29 చంద్రగిరి_కోట
…లేదు. అదే ఫోల్డరు అట్లనే పెట్టి నడిపినా.

#30 లెక్కల_లలిత
అయితే ఫైనల్ మొదటి ఆటకే పుంగనూరుకి తలకోన గురించి తెలుసు. ఇంకా చెప్పాలంటే లీగులో ఎవరు ముందు ఎవరితో ఆడారు అన్నదాన్ని బట్టి కూడా ఫలితాలు మారి ఉంటాయి. పుంగనూరుతో మొదట్లో ఆడినవాళ్ళకి ఏమీ తెలియని పుంగనూరు దొరికింది, చివర్లో ఆడినవాళ్ళకి అనుభవమున్న పుంగనూరు. టేబుల్‌లో అన్నీ ఒకటే పుంగనూరుగా కూడేశారు. రేటింగ్ లెక్క అంటేనే ఆడే ఇంజన్ మారదు అనే ఊహ మీద నిలబడింది. అది మారుతుంటే ఆ అంకె ఏ రోజు పుంగనూరుది?

#31 తిరుచానూరు_64
మనుషులూ మారతారు, వాళ్ళకీ ఎలో ఇస్తా ఉండారు కదా.

#32 లెక్కల_లలిత
మనుషులు ఒకే లైను తొమ్మిది సార్లు పోగొట్టుకోరు. #19 చూడండి, మేష్టారు చెప్పిన పిల్లాడు నెలలో కిందికి దిగాడు.

#33 కొర్లగుంట_గుర్రం
ఫైలు తుడవమని ఎవరూ చెప్పలేదు, తుడవొద్దనీ నేను అడగలేదు. ఇది మాత్రం నాకూ ఇప్పుడే తెలుస్తా ఉండాది. తలకోనతో లీగులో ఆడిన ఆటలు ఫైలులో ఉన్నాయా అని చూసినా, ఉన్నాయి. బీ2 లైను మొదట గెలిచింది లీగులోనే.

#34 మురకంబట్టు_ఫ్యాను
మీరు కొట్లాడుకుంటా ఉండండి, నేను రెండు ఇంజన్లూ దించుకోని నా మిషన్‌లో పెట్టినా. మధ్యలో కరెంటు పోయి ఒకసారి మొత్తం మళ్ళీ మొదలెట్టాల్సి వచ్చింది, చిత్తూరు ఎండల్లో యూపీఎస్ కూడా చేతులెత్తేసింది.

మొదటి రకం: ఇద్దరికీ సొంత బుక్కులు లేవు, లర్నింగ్ లేదు. ఆల్బర్ట్ సిల్వర్ ఏరిన యాభై పొజిషన్లు, ఒక్కోటి రంగులు మార్చి, నూరు ఆటలు. తలకోన 51.5, పుంగనూరు 48.5.

రెండో రకం నాకు భలే నచ్చింది. ఇంజన్లని ఆడించే అరీనా ప్రోగ్రాంలో ఇద్దరికీ ఒకటే రకం బుక్కు, ఎవరి కాపీ వాళ్ళకి, అరీనా లర్నింగ్ ఇద్దరికీ ఆన్, ఫైళ్ళు కొత్తవి. బీ2 గుంట రెండు సార్లు పని చేసింది. మూడోసారి తలకోన మంత్రి బీ6కే పోలా, ఆరో ఎత్తు కాడ నుంచే వేరే దారి పట్టింది. తర్వాత ఆ లైను మళ్ళీ రాలా. చివరికి పుంగనూరు ఒకటో రెండో పాయింట్లు ఎక్కువ, నేను దాన్ని గెలుపని చెప్పను.

#35 భాకరాపేట_ఘాట్
నేను అడిగింది ఇదే. రెండు సార్లు ఓడితే బాధ లేదు అన్నా, తొమ్మిది సార్లు ఓడినాకే కడుపు మండింది.

#36 కొర్లగుంట_గుర్రం
రెండో రకంలో ఆడింది నా లర్నింగ్ కాదు, అరీనాది. ఇద్దరికీ ఇచ్చినాం అంటే నా కోడ్ పక్కన పడేసినాం అని. మంచి లర్నింగ్, చెత్త లర్నింగ్ తేడా యాడ కనబడాల అయితే?

#37 పాత_అరీనా
అడగాల్సిన ప్రశ్నే. లర్నింగ్‌ని లర్నింగ్‌గా కొలవాలంటే నీతో ఆడేవాళ్ళందరికీ వాళ్ళ సొంత లర్నింగ్ ఉండాల, ఆటలు వందల్లో ఉండాల, అందరూ ఖాళీ ఫైలుతో మొదలవ్వాల. అప్పుడు మొదటి నూరు ఆటల స్కోరు, చివరి నూరు ఆటల స్కోరు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. స్టాక్‌ఫిష్ ఇంజన్ వాళ్ళు దీన్లోకే దిగరు. వాళ్ళ ఇంజన్‌లో బుక్కు లేదు, మార్పులు పరీక్షించేటప్పుడు బయటి నుంచి ఓపెనింగులు ఇచ్చి జతలు జతలుగా ఆడిస్తారు. వాళ్ళకి కావాల్సింది వెతుకులాట బాగుపడిందా లేదా అంతే. మనకేం కావాలో మనం తేల్చుకోలా.

#38 గ్రీమ్స్‌పేట_మేష్టారు
రెండు పట్టికలు పెట్టుకుంటే సరిపోదా? ఒకటి ఇంజన్‌కి, ఒకటి అన్నీ కలిపిన మూటకి.

#39 తిరుచానూరు_64
రెండు పట్టికలు పెడితే చూసేది మొదటిదే మేష్టారూ. రెండోది సరదా పట్టిక అయిపోతుంది. తెలివిగా బుక్కు రాసినోడు సరదా కాడికే మిగులుతాడు.

#40 రేణిగుంట_జంక్షన్
మా ఇంజన్‌కి ఏ పట్టికలోనూ చోటు లేదు, లీగులోనే అందరి చేతిలో ఓడింది. దానికి లర్నింగ్ పెట్టినా ఏం నేర్చుకోవాల, రిజైన్ చేయడమా?

#41 నగరి_బంటు
రేణిగుంట అన్నా, మీ ఇంజన్ నా దానితో డ్రా చేసింది. గర్వపడు.

#42 వేదిక_కాపలా
చర్చ బాగుంది, కొనసాగించండి. ఇంజన్ రాసినవాళ్ళని 'మోసగాడు' అన్న రెండు పోస్టులు తీసేశాను.

#43 చంద్రగిరి_కోట
నా నిర్ణయం చెప్పేస్తా, తిట్టేవాళ్ళు తిట్టొచ్చు.

ఈసారి ఫలితం మారదు. రూలు లేదు, గుర్రం తమ్ముడు అన్నీ ముందే చెప్పినాడు, పుంగనూరు గెలిచింది. పట్టికలో మాత్రం పక్కన రాస్తా: లర్నింగ్ ఆన్, పాత ఫైలు, తొమ్మిది ఆటలు ఒకే లైను. 32 ఆటల స్కోరు కూడా దాని కిందే ఉంటుంది. చదివేవాళ్ళు వాళ్ళే చూసుకుంటారు.

వచ్చే పోటీలో లీగు మొత్తం ఇచ్చిన పొజిషన్ల నుంచే, జతలు జతలుగా, బుక్కు లేదు, లర్నింగ్ లేదు. పొజిషన్లు ముందురోజు రాత్రి చీటీ తీస్తాం. ఫైనల్ మాత్రం అన్నీ ఆన్, ఎవరి బుక్కు వాళ్ళది, ఫైళ్ళు మొదటి ఆటకి ఖాళీ. లర్నింగ్ లేని ఇంజన్ ఫైనల్‌కి వస్తే దాని యజమాని ఆటకీ ఆటకీ మధ్య బుక్కులో ఒక్క ఎత్తు వెయిటు మార్చుకోవచ్చు, ఏది మార్చినాడో ఇక్కడ రాసి మార్చుకోవాల.

#44 తిరుచానూరు_64
ఫైనల్ వరకు ఓకే. లీగు రూలుకి నా ఓటు లేదు, రాసుకో.

#45 లెక్కల_లలిత
ఫైనల్‌ని కనీసం నూరు ఆటలు చేయండి. నలభైతో మళ్ళీ ఇదే పంచాయితీ.

#46 చంద్రగిరి_కోట
నూరు ఆటలంటే ఇదే టైముకి మూడు రోజులు అక్కా. మా ఇంట్లో కరెంటు బిల్లు నువ్వు కడతావా? టైము తగ్గిస్తా, ఐదు నిమిషాలు, ఎత్తుకి రెండు సెకన్లు.

#47 కొర్లగుంట_గుర్రం
నాకు సమ్మతమే. ఒక్క ఎత్తు రూలు మీద మాత్రం ఒక అడ్డు: ఆట మొదలయ్యే ముందు రాయాల, నేను ఏ లైను ఆడతానో చూసినాక కాదు.

#48 భాకరాపేట_ఘాట్
ఒప్పుకున్నా. నేను ఆ రూలు వాడేదీ అనుమానమే. నిన్న రాత్రి నుంచి తలకోనకి లర్నింగ్ రాస్తా కూర్చున్నా, డ్రా వస్తే ఏం చేయాలో తెలీక ఆగిపోయినా. గుర్రం తమ్ముడూ, నువ్వు డ్రాకి ఎంత పెట్టినావు?

#49 కొర్లగుంట_గుర్రం
నల్లతో అయితే కొంచెం పెంచుతా, తెల్లతో అయితే కొంచెం తగ్గిస్తా. ఎంతో మాత్రం ఫైనల్ అయినాక చెప్తా అన్నా.